గారడీ ఆటలు గెలిపిస్తాయా?

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో రాయడమేంటని విసుక్కోకండి. కాస్త ఓపిక పడితే కడప జిల్లాకే తీసుకొస్తాను. నేను పనిచేసే ప్రాజెక్టులో క్లయింటు టీమంతా అమెరికాలో ఉంటుంది. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అయిన మర్నాడు కాల్‌లో పని గురించి ఎవడూ మాట్లాడడు. వాళ్ళ కబుర్లు అర్థం కావాలని చూడటం మొదలుపెట్టి, చివరికి ఆ ఆట మీద నిజంగానే ఇష్టం పెంచుకున్నాను. (మొదట్లో నాకూ అది హెల్మెట్లు పెట్టుకుని చేసే గుద్దులాటలాగే కనిపించింది లెండి.)

చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు వస్తాయి, లేదంటే బంతి అవతలివాళ్ళది. క్వార్టర్‌బ్యాక్ అనే ఆయన బంతి అందుకుని ముందుకి విసురుతాడు, లేదా పక్కవాడి చేతిలో పెట్టి పరుగెత్తమంటాడు. దాదాపు ప్రతిసారీ ఇంతే. ఎప్పుడో ఒకసారి మాత్రం విసరాల్సినవాడు పట్టుకుంటాడు, పట్టుకోవాల్సినవాడు విసురుతాడు, తన్నాల్సినవాడు తన్నకుండా పరుగెత్తుతాడు. దీన్నే ట్రిక్ ప్లే అంటారు. మన మాటల్లో గారడీ అనుకోండి. స్టేడియం మొత్తం లేచి నిలబడేది అప్పుడే.

అసలు ఇవి పనిచేస్తాయా అన్నది నా ప్రశ్న. పనిచేస్తాయనే అందరూ అనుకుంటారు, ఎందుకంటే గుర్తుండేవి పనిచేసినవే. 2018 ఫిబ్రవరి 4న మిన్నియాపొలిస్‌లో జరిగిన సూపర్ బౌల్ తీసుకోండి. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కీ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కీ మధ్య. మొదటి సగం అయిపోడానికి 38 సెకన్లు ఉంది. ఈగిల్స్‌కి నాలుగో అవకాశం, గీత దాటడానికి ఒక్క గజం. మామూలుగా అయితే అక్కడ కాలితో తన్ని మూడు పాయింట్లు తెచ్చుకుంటారు. వీళ్ళు బంతిని క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్‌కి ఇవ్వకుండా నేరుగా కోరీ క్లెమెంట్‌కి ఇచ్చారు. అతను ట్రే బర్టన్‌కి అందించాడు. బర్టన్ దాన్ని, ఎవరూ పట్టించుకోకుండా గీత దాటి నిలబడ్డ ఫోల్స్‌కి విసిరాడు. ఫోల్స్ పట్టుకున్నాడు. దానికి ఫిల్లీ స్పెషల్ అని పేరు పెట్టారు, ఈగిల్స్ 41-33తో గెలిచారు.

ఎవరూ పెద్దగా చెప్పుకోని సంగతి ఇంకోటుంది. అదే మ్యాచ్‌లో, అంతకు కాసేపటి ముందే, పేట్రియట్స్ కూడా దాదాపు ఇదే గారడీ చేశారు. డానీ అమెండోలా అనే రిసీవర్ బంతిని తమ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీకే విసిరాడు. బ్రాడీ చుట్టుపక్కల ఎవరూ లేరు. బంతి వేళ్ళకి తగిలి కింద పడింది. అంతే. ఆ రోజు బ్రాడీ చేత్తో విసిరి సాధించిన గజాలు 505. అయినా ఆయన పట్టుకోలేని ఆ ఒక్క బంతి మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఇప్పుడు చెప్పండి, ఒకటి మేధావితనం, రెండోది తెలివితక్కువతనమా? రెండూ ఒకే ఆలోచన. తేడా నాలుగు వేళ్ళ దగ్గర వచ్చింది. ఫలితాన్ని బట్టి ఆలోచనకి మార్కులు వేస్తే మనం ఎప్పటికీ ఏమీ నేర్చుకోం.

ఇదే మాట మనకి బాగా తెలిసిన చోట కూడా చెప్తాను, కోప్పడకండి. 2007 సెప్టెంబర్ 24, జోహన్నెస్‌బర్గ్, ట్వంటీ ట్వంటీ ప్రపంచకప్ ఫైనల్. ఆఖరి ఓవర్ ధోనీ జోగిందర్ శర్మకిచ్చాడు. ఒక వైడ్, ఒక సిక్స్. ఇక నాలుగు బంతుల్లో ఆరు పరుగులు చాలు. అప్పుడు మిస్బా వెనక్కి స్కూప్ కొట్టాడు, శ్రీశాంత్ పట్టుకున్నాడు. ఆ బంతి ఇంకో పది గజాలు వెళ్ళి ఉంటే ధోనీని మనం ఏమని ఉండేవాళ్ళం? నేనైతే ఆ రాత్రి హాస్టల్ టీవీ గదుల్లో వినిపించే మాటల్ని ఇక్కడ రాయలేను.

అదే టోర్నమెంటులో పది రోజుల ముందు డర్బన్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్ టై అయితే బౌల్ అవుట్ పెట్టారు. ఇటునుంచి సెహ్వాగ్, హర్భజన్, ఊతప్ప ముగ్గురూ వికెట్లని కొట్టారు. అటునుంచి ముగ్గురూ తప్పారు. ఊతప్పేంటి, బౌలింగేంటి అని నవ్వుకున్నాం. కానీ మనవాళ్ళు దాన్ని నెట్స్‌లో ముందే సాధన చేసుకున్నారు, ఎవరు వికెట్లకి కొడుతున్నారో చూసి పెట్టుకున్నారు. ధోనీ వికెట్ల వెనకాలే సూటిగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు, తన వైపే వేయమని. చూసేవాళ్ళకి అది గారడీ, వాళ్ళకి అప్పజెప్పిన పాఠం.

నా లెక్క ఇక్కడినుంచే మొదలవుతుంది. గారడీ అవతలివాడిని ఆశ్చర్యపరచాలి, మనవాడిని కాదు. ఫిల్లీ స్పెషల్‌లో విసిరిన ట్రే బర్టన్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడే. విసరడం అతనికి కొత్త కాదు, అతను విసురుతాడన్నది పేట్రియట్స్‌కి కొత్త. ఆ ప్లే ఇప్పుడు చేద్దామా అని సైడ్‌లైన్ దగ్గరికెళ్ళి కోచ్ డగ్ పెడర్సన్‌ని అడిగింది కూడా ఫోల్సే. అంటే తమ జట్టులో ఎవరికీ అది వింత కాదు.

దీనికి పూర్తిగా అడ్డం తిరిగిన కథ చూడాలంటే 2015 అక్టోబర్ 18న ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఏం చేశారో వెతికి చూడండి, కడుపుబ్బా నవ్వుకుంటారు. ఆరు పాయింట్లు వెనకబడి ఉన్నారు, నాలుగో అవకాశం, బంతిని దూరంగా తన్నాల్సిన చోటు. హఠాత్తుగా జట్టులో ఎక్కువమంది మైదానంలో ఒక పక్కకి పరుగెత్తి నిలబడ్డారు. బంతి దగ్గర ఇద్దరే మిగిలారు, గ్రిఫ్ వేలెన్, కోల్ట్ ఆండర్సన్. వాళ్ళకి ఎదురుగా పేట్రియట్స్ గుంపు. అవతలివాళ్ళు కంగారుపడి ఏదో ఒక తప్పు చేస్తే సరే, లేకపోతే బంతి కదపకుండా ఊరుకోవాలన్నది అసలు పథకం. అవతలివాళ్ళు కంగారు పడలేదు. వేలెన్ బంతి అందించేశాడు! ఆండర్సన్‌ని అక్కడికక్కడే పడేశారు. పైగా నిలబడ్డ తీరు కూడా రూల్‌కి విరుద్ధమని జెండా వేశారు. ఆ గారడీ చూసి బిత్తరపోయింది కోల్ట్స్ వాళ్ళే. మా టీములో ఎవరైనా పరీక్షించకుండా శుక్రవారం సాయంత్రం కోడ్ ప్రొడక్షన్‌లో పెడితే నాకు ఆ ఇద్దరే గుర్తొస్తారు.

రెండో సంగతి, ఖర్చు. గారడీకి ఒక ధర ఉంటుంది, ఒకసారి వాడగానే అది తగ్గిపోతుంది. ఆ ఆటలో ఆన్‌సైడ్ కిక్ అని ఒకటుంది. సెకండాఫ్ మొదట్లోనో, పాయింట్లు వచ్చాకనో బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి అప్పగించాలి. దూరంగా తన్నకుండా పది గజాలు దాటేంత మాత్రం తన్ని మళ్ళీ తామే పట్టుకోవాలని చూస్తే అది ఆన్‌సైడ్ కిక్. మ్యాచ్ చివర్లో, ఓడిపోతున్న జట్టు ఇది చేస్తుందని అందరికీ తెలిసినప్పుడు దాదాపు అయిదుసార్లకి ఒకసారి దొరికేది. ఎవరూ అనుకోనప్పుడు చేస్తే సగానికి పైనే దొరికేది. ఒకటే తన్ను, ఒకటే బంతి! 2010 ఫిబ్రవరి 7న మయామీలో సూపర్ బౌల్ సెకండాఫ్‌ని న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఇలాగే మొదలుపెట్టారు. 10-6తో వెనకబడి ఉన్నవాళ్ళు బంతి దక్కించుకుని, వెంటనే టచ్‌డౌన్ చేసి, చివరికి 31-17తో గెలిచారు.

మా భాషలో ఇది జీరో డే. లోపం కనిపెట్టినవాడికి మొదటి రోజు పండగే. ప్యాచ్ వచ్చాక అది చిత్తు కాగితం. ఆన్‌సైడ్ కిక్‌కి ప్యాచ్ రూల్ పుస్తకంలోనే వచ్చింది. ఎన్ఎఫ్ఎల్ 2024లో కిక్ఆఫ్ పద్ధతి మార్చినప్పుడు, ఆన్‌సైడ్ కిక్ చేయాలంటే ముందే చెప్పి చేయాలని పెట్టారు. చెప్పి చేసే గారడీ! సెయింట్స్ చేసింది ఇప్పుడు ఎవరూ చేయలేరు.

మన చెడుగుడులో ఈ ధర సంగతి ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడ్డవాళ్ళు మీదికి వస్తుంటే, కూతకెళ్ళినవాడు వాళ్ళ చేతుల కిందనుంచి దూరి మధ్యగీత అందుకుంటాడు. ప్రో కబడ్డీ వచ్చాక దాన్ని డుబ్కీ అంటున్నాం. మొదటిసారి దూరితే ఈలలు. రెండోసారి దూరినా సరే. మూడోసారి దూరితే నలుగురూ వీపు మీద కూర్చుంటారు. డుబ్కీ పనిచేయాలంటే అంతకు ముందు రెండు మూడు కూతలు నిటారుగా వెళ్ళి, చేయి తాకించి, వచ్చేయాలి. గొలుసువాళ్ళ చూపు ఛాతీ ఎత్తులో ఉండేలా అలవాటు చేయాలి. ఆ చప్పటి కూతలకి ఎవరూ ఈల వేయరు మరి.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, మా ఇంట్లో ప్రస్తుతం దీని మీదే గొడవ. మా అక్కావాళ్ళది ప్రొద్దుటూరు. మేనల్లుడికి పదమూడేళ్ళు, ఆఫ్ స్పిన్ వేస్తాడు. జిల్లా అండర్-14 సెలెక్షన్లకి వెళ్ళాలని ఏడాదిగా ప్రాక్టీసు చేస్తున్నాడు. ఈమధ్య వాడి దృష్టంతా క్యారం బంతి మీద పడింది. మధ్యవేలితో చిటికె వేసినట్టు వదిలే బంతి. ఫోన్లో వీడియోలు పెట్టుకుని గోడకేసి వేస్తూ ఉంటాడు. "మామా, ఈ పొద్దు రెండు తిరిగినాయి" అని రాత్రి మెసేజి పెడతాడు. ఆ రోజు ఎన్ని వేశావురా అంటే నలభై అంటాడు. వాళ్ళ కోచ్ ఒకటే చెప్తున్నాడు, ముందు ఆఫ్ స్పిన్ ఆరుకి ఆరు ఒకే చోట వేయి, తర్వాత చూద్దామని. మా బావ మాత్రం కోచ్‌ని మార్చాలంటున్నాడు.

బావ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. "అది కాదు అబ్బీ, మనోళ్ళని ఎవురు సూస్తారు? వైజాగ్ పిల్లోళ్ళకి మంచి గ్రౌండ్లు, బౌలింగ్ మిషన్లు. మనోడు కూడా వాళ్ళ మాదిరే ఆఫ్ స్పిన్ ఏస్తే వాళ్ళనే తీసుకుంటారు. ఏదన్నా కొత్తది ఉంటేనే గదా మన మీద కన్ను పడేది" అంటాడు. వానలు లేని జిల్లాలో, గడ్డి మొలవని మైదానంలో, మ్యాటింగ్ మీద ఆడే పిల్లాడి తండ్రి ఇంకెలా ఆలోచిస్తాడు?

నిజానికి బలహీనుడు గారడీ చేయడం లెక్క ప్రకారం సరైనదే. 2007 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో బాయిసీ స్టేట్ అనే చిన్న యూనివర్సిటీ, ఓక్లహామా లాంటి మహా జట్టుని 43-42తో ఓడించింది. మామూలు ఆట చివరి సెకన్లలో ఒక గారడీ, అదనపు సమయంలో ఇంకోటి, ఆఖరి రెండు పాయింట్లకి క్వార్టర్‌బ్యాక్ విసిరినట్టు నటించి వీపు వెనకనుంచి బంతి అందించే మూడోది. మూడూ పనిచేశాయి. మామూలుగా ఆడితే పదింట్లో ఎనిమిది ఓడిపోయేవాడికి, ఆటని చీటీపాటలా మార్చడమే మేలు. గెలిచేవాడికి ఆ అవసరం లేదు.

కానీ బావా, బాయిసీ స్టేట్ గెలవాల్సింది ఒక్క రాత్రి. మన పిల్లాడు గెలవాల్సింది పదేళ్ళు. చీటీ ఒకసారి తగలొచ్చు, ప్రతి నెలా తగలదు కదా.

పదేళ్ళ లెక్కకి అజంతా మెండిస్‌ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. మా బావకి ఆ పేరు చెప్తే చాలు, కళ్ళు మెరుస్తాయి. 2008 జులై 6న కరాచీలో ఆసియా కప్ ఫైనల్, మన మీద 13 పరుగులకి 6 వికెట్లు. ఆ వెంటనే శ్రీలంకలో మూడు టెస్టులు, 26 వికెట్లు. ద్రవిడ్ అంతటివాడు బౌల్డ్ అయ్యి పిచ్ వైపు చూస్తూ నిలబడిపోయాడు, లక్ష్మణ్ పదేపదే దొరికాడు. క్యారం బంతి అన్న మాట మనదేశంలో ఇంటింటికీ తెలిసింది అప్పుడే. తర్వాత? అన్ని జట్లూ వీడియోలు తిప్పి తిప్పి చూశాయి, వేళ్ళ మధ్య బంతి ఎలా ఉందో చూడటం నేర్చుకున్నాయి. మెండిస్ మొత్తం 19 టెస్టులాడి 70 వికెట్లు తీశాడు. అందులో 26 మొదటి మూడింట్లోనే. మిగతా పదహారు టెస్టుల్లో 44. చెడ్డ బౌలరని కాదు. కానీ మాయ తెలిసిపోయాక కింద నిలబెట్టే మామూలు బంతి అంత బలమైనది కాదు. అశ్విన్ కూడా అదే క్యారం బంతి వేశాడు, టెస్టుల్లో 537 వికెట్లు తీశాడు. ఎందుకంటే అతనికి అది ఊరగాయ, అన్నం వేరే ఉంది.

ఇక మా జిల్లాకి వచ్చేశాను. 2025 నవంబర్ 2, నవీ ముంబై, మహిళల ప్రపంచకప్ ఫైనల్. మనం 298 కొట్టాం. సౌతాఫ్రికా 2 వికెట్లకి 114 దగ్గర, వోల్వార్ట్, సూనె లూస్ నిలదొక్కుకుని ఉండగా హర్మన్‌ప్రీత్ బంతిని షెఫాలీ వర్మకిచ్చింది. అంతవరకు వన్డేల్లో షెఫాలీ పేరున ఉన్నది ఒకే వికెట్! రెండో బంతికే లూస్ ఆమెకే క్యాచ్ ఇచ్చింది. మరుసటి ఓవర్లో మారిజాన్ కాప్ కీపర్‌కి దొరికింది. మన క్రికెట్‌లో ఫిల్లీ స్పెషల్ ఏదంటే ఇదే. ఇందులోనూ అదే సూత్రం. జట్టులోకి వచ్చినప్పుడే రెండు మూడు ఓవర్లు అవసరం కావచ్చని చెప్తే, ఇస్తే పదీ వేస్తానని ఆమె అన్నదట, హర్మన్‌ప్రీతే చెప్పింది. సౌతాఫ్రికాకి అది ఆశ్చర్యం, షెఫాలీకి కాదు.

మర్నాడు టీవీలన్నీ ఆ రెండు వికెట్లనే తిప్పి తిప్పి చూపించాయి. అవి చూసి మా బావ "సూసినావా!" అని ఫోన్ చేశాడు. చూశాను. కానీ నేను చూసింది ఇంకో అమ్మాయిని కూడా. మన కడప జిల్లా పిల్ల నల్లపురెడ్డి శ్రీచరణి. ఆ ప్రపంచకప్‌లో 14 వికెట్లు, మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఆమెవే ఎక్కువ. ఎడమచేతి స్పిన్. నోరు తెరిచి చూసే రహస్యమేమీ లేదు. గాల్లోకి వదులుతుంది, వేగం కాస్త మారుస్తుంది, బ్యాట్స్‌మన్ ముందుకు రావాలా వెనక్కి వెళ్ళాలా అని ఆలోచించే చోట పడేస్తుంది. సెమీస్‌లో ఆస్ట్రేలియా 338 కొట్టిన రోజు, అందరినీ ఉతికేస్తున్న పిచ్ మీద ఆమె పది ఓవర్లు వేసి 49 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీసింది. మనం ఆ 339 పరుగుల లక్ష్యాన్ని కొట్టి ఫైనల్‌కి వెళ్ళామంటే ఆ పది ఓవర్ల వాటా ఎంతో లెక్క వేయండి. ఆమె కూడా మిగతావాళ్ళలా అరవయ్యో డెబ్బయ్యో ఇచ్చి ఉంటే, షెఫాలీకి బంతినిచ్చే ఫైనలే ఉండేది కాదేమో!

ఫైనల్లో కూడా అంతే. షెఫాలీ కంటే ముందు అన్నెకె బాష్‌ని సున్నాకే ఎల్బీ చేసింది శ్రీచరణే. ఒక పక్క అలాంటి ఓవర్లు ఉన్నాయి కాబట్టే ఇంకో పక్క కెప్టెన్ జూదం ఆడగలిగింది. షెఫాలీ రెండు ఓవర్లలో ఇరవై ఇచ్చినా సరిదిద్దుకోడానికి దీప్తి, చరణి ఉన్నారు. ఆ రోజు దీప్తి తీసినవి అయిదు. ఉన్నదంతా గారడీయే అయితే అది తప్పినప్పుడు పట్టుకోడానికి ఏముంటుంది?

బావ అడిగిన అసలు ప్రశ్నకి, మనోళ్ళని ఎవరు చూస్తారన్నదానికి, చరణి కంటే మంచి సమాధానం నాకు తెలీదు. సరే, వందమందిలో ఒక్కరికే ఆ అదృష్టం పట్టొచ్చు. మిగతా తొంభై తొమ్మిది మందికి కడపలో ఆంధ్రా క్రికెట్ సంఘం స్టేడియం ఒకటుంటే సరిపోదు, ప్రొద్దుటూరులోనూ ఆదోనిలోనూ నంద్యాలలోనూ టర్ఫ్ వికెట్లు కావాలి. ఆ గొడవ సెలెక్టర్లతో, నాయకులతో పడాలి. పదమూడేళ్ళ పిల్లాడి మధ్యవేలి మీద ఆ భారమంతా పెడితే ఎట్లా? ఇంకా ఎముకలే గట్టిపడని వేలది.

నేను మేనల్లుడికి చెప్పింది ఒకటే. క్యారం బంతి మానొద్దు, దాచుకో. రోజూ వంద బంతులు మామూలు ఆఫ్ స్పిన్ వేయి, పిచ్ మీద చేతిరుమాలు పరిచి దాని మీద ఎన్ని పడ్డాయో లెక్క రాయి. వందలో అరవై పడిన రోజు, ఆఖర్న పది క్యారం బంతులు వేసుకో. నిన్న రాత్రి మెసేజి వచ్చింది, "మామా, 34". బావ మాత్రం మూడు రోజులుగా నా ఫోన్ ఎత్తడం లేదు.